డేట్‌లైన్‌లో లేని ఊరు

పేపర్లో వార్త మొదట్లో ఊరి పేరూ తేదీ ఉంటాయి కదా, దాన్ని డేట్‌లైన్ అంటారు. ఉరవకొండ, మే ఫలానా తేదీ, పక్కన రెండు చుక్కలు. ఆ చుక్కల తర్వాతే అసలు సంగతి. ఎవరు చచ్చారో, ఎవరు గెలిచారో, ఎక్కడ వాన పడిందో. చదివేవాళ్ళు ఆ ఊరి పేరును చూడనే చూడరు, దాటి పోతారు. నేను మాత్రం ఇప్పటికీ ఏ పేపరు చేతికొచ్చినా ముందు అదే చదువుతాను. ఒక్కోసారి అది చదివి, వార్త చదవకుండానే మడిచి పెట్టేస్తాను. మా ఇంటావిడ దీన్ని పిచ్చి అంటుంది. పిచ్చే, కాదనను. ఎందుకు పట్టిందో చెబుతాను.

డెబ్బైల్లో, ఎనభైల్లో నేను ఉరవకొండలో ఒక తెలుగు పేపరుకు విలేఖరిని. విలేఖరి అంటే ఇప్పటిలా మైకూ కెమెరా అనుకునేరు, అంత సీను లేదు. నా బతుకుతెరువు టైపు ఇన్‌స్టిట్యూట్. నాలుగు మిషన్లు, అందులో ఒకదానికి అక్షరాలు సగమే పడేవి. వార్తలు రాయడం పైన తగిలించుకున్న పిచ్చి. తెల్ల కాగితం మీద ఒకవైపే రాసి, పేపరు పేరు ఎర్రగా అచ్చేసిన కవర్లో పెట్టి, మధ్యాహ్నం అనంతపురం బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ణి. ఆయన అక్కడి బస్టాండులో మా డబ్బాలో పడేసేవాడు. అక్కడ నుంచి సాయంత్రం రైల్లో పేపరు అచ్చయ్యే ఊరికి పోయేది. కండక్టరు మర్చిపోయాడంటే ఆ రోజు ఉరవకొండలో ఏమీ జరగనట్టే లెక్క.

పేపరాఫీసులో మా వార్తలు దిద్దే డెస్కు వాళ్ళు మమ్మల్ని ఎప్పుడూ సొంత పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఊరి పేరే మా పేరు. "ఏమప్పా ఉరవకొండా, చినుకేమన్నా రాలిందా?" అని ట్రంకాల్‌లో అరిచేవారు. మీటింగులకు పోతే కదిరి వచ్చి గుంతకల్లు పక్కన కూర్చునేది. తాడిపత్రికి టీలో చక్కెర జాస్తి కావాలి. రాయదుర్గం ఎప్పుడూ లేటు. నాకు అది గర్వంగానే ఉండేది. నేనే ఊరు, ఊరే నేను అనుకునేవాణ్ణి. ఎంత పొగరో చూడండి.

డేట్‌లైన్ అంటే ఏమిటో నాకు నేర్పింది అనంతపురం ఆఫీసులో మా పెద్దాయన. నేర్పడం కాదు, చెంప పగలగొట్టినంత పని చేశాడు. డెబ్బైల్లో ఒక ఏడు పెన్నకు పైనుంచి నీళ్ళొచ్చాయి. మా వైపు పెన్నకు నీళ్ళు రావడమే పెద్ద వార్త. పామిడి వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు టీ అంగడి దగ్గర "వంతెన పాయనన్నా, నా కండ్లతో చూసినా" అన్నాడు. ఇంకేముంది, నాకు పూనకం వచ్చింది. పామిడి అని డేట్‌లైన్ వేసి, వంతెన కొట్టుకుపోయిందని, నది హోరెత్తుతోందని, జనం ఒడ్డున నిలబడి గుండెలు బాదుకుంటున్నారని, పక్కనే కూర్చుని చూసినట్టు రాసి టెలిగ్రాం కొట్టించాను. అచ్చయింది కూడా. తీరా చూస్తే వంతెన నిక్షేపంగా ఉంది. పోయింది దాని పక్కన మట్టి దారి. రెండో రోజు పెద్దాయన అనంతపురానికి పిలిపించాడు.

"నువ్వు పామిడిలో ఉంటివా?" అన్నాడు.

"లేదు సార్. దగ్గరే కదా అని..."

"దగ్గరైతే పోయి చూసేదానికి ఏం రోగం నీకు? డేట్‌లైన్ అంటే ఏమనుకుంటాండావురా? నువ్వు యాడ నిలబడి చూసినావో చెప్పేది అది. ఆ ఊరి పేరు పెట్టినావంటే, నేనీడ ఉండా, నా కండ్లతో చూసినా అని చదివేటోనికి ఒట్టు పెట్టినట్టు. నీ కాళ్ళు యాడుంటే ఆ ఊరే రాయి. ఇంగోసారి ఇట్ల చేసినావంటే ఆ టైపు మిషన్లే కొట్టుకుంటా కూచో."

నలుగురి ముందర అన్నాడు. తల కొట్టేసినట్టయింది. బస్సులో తిరిగొస్తూ, చూడని ఊరి పేరు డేట్‌లైన్‌గా చచ్చినా వేయనని ఒట్టు పెట్టుకున్నాను. పదేళ్ళు ఆ ఒట్టు తప్పలేదు. కొత్తగా వచ్చే విలేఖరులకు దీన్ని నా గొప్పగా చెప్పేవాణ్ణి కూడా.

ఆ తర్వాత ఎనభైలొచ్చాయి. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళు. వేరుశనగ వేస్తే విత్తనమన్నా తిరిగి రాలేదు. ఎద్దుల్ని సంతకు తోలుకుపోయి ఏడుస్తూ ఇంటికొచ్చిన రైతుల్ని చూశాను. బోర్లు వేస్తే నీళ్ళకు బదులు తెల్ల దుమ్ము లేచేది. అటువంటి ఒక ఎండాకాలంలో మా బస్టాండులో వేప పుల్లలు అమ్ముకునే అవ్వ ఒకామె ఉండేది. ఊరు తుమ్మదొడ్డి. ఉరవకొండకు పన్నెండు మైళ్ళు, అందులో నాలుగు మైళ్ళు నడవాల్సిందే, బస్సు లేదు. నలభై గడపల ఊరు. ఆమె రోజు విడిచి రోజు వచ్చి, నీడుంటుందని బస్టాండు ఎదురుగానే ఉన్న మా ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కట్ట విప్పుకుని కూర్చునేది. నాకు ఒక పుల్ల ఊరికే ఇచ్చేది. నేను బస్సుకు కవరివ్వడం చూసి, నేను పేపరాయననని కనిపెట్టింది.

ఒకరోజు కట్ట విప్పకుండా నిలబడే అడిగింది.

"అప్పా, నువ్వు రాస్తే ఆపీసర్లు చూస్తారంట, నిజమేనా?"

"చూస్తారవ్వా. చేసేది చేయంది వాళ్ళిష్టం."

"అట్లయితే మా ఊరి బాయి గురించి రాయప్పా. నీళ్ళు అడుక్కు పోయినాయి. మోకు కట్టుకోని మా కోడలు లోపలికి దిగుతాండాది. టెంకాయ చిప్పతో తోడి కడవలో పోస్తే పైనుంచి మేము చేదుకుంటాండాము. ఊర్లో అందరికంటే సన్నంగుండాదని ఆ పిల్లనే దింపుతారు. గట్టు ఇరుగుతాందప్పా. మొన్న ఇంత పెళ్ళ దాని పక్కనే పడె." ఇంత అని రెండు చేతులూ చాచి చూపించింది. "ట్యాంకరొకటి వచ్చెనంటే ఆ పిల్ల దిగే పని ఉండదు. నాకింకేమీ వద్దు."

"నీ కొడుకు యాడున్నాడు?"

"బెంగుళూరులో, కూలికి పోయినాడు. ఇంట్లో మేమిద్దరమే. దానికి నవ్వు జాస్తి అప్పా. బాయిలోంచి గూడా నవ్వుతాది, పైన మాకు గుండెకాయ అదరతాంటే. అది వచ్చేదాకా మా ఇంట్లో నవ్వే మనిషే ల్యాదు."

రాస్తాలే అవ్వా అన్నాను. ఆమె అంతటితో వదల్లేదు.

"ఊరికే రాస్తే యాడప్పా? ఒకసారి వచ్చి చూడు. చూస్తే నీకే తెలుస్తాది."

నాకు టైపు లోయరు పరీక్షలు నెత్తి మీదున్నాయి. పిల్లలు పొద్దున నుంచి సాయంత్రం దాకా మిషన్ల కోసం కొట్టుకుంటున్నారు. ఎండ చూస్తే రోడ్డు మీద తారు కరుగుతోంది. "చూడకపోయినా రాస్తాలే, నువ్వు చెప్పినావు కదా" అన్నాను. ఆమె తలూపి, కట్ట విప్పుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే రాశాను. బాగానే రాశాను, అబద్ధమెందుకు. మొదటి పేరాలో ఉరవకొండ చుట్టుపక్కల తాగునీటికి కటకట అని. రెండో పేరాలో ఎండిపోయిన బోర్ల సంగతి. మూడో పేరాలో తుమ్మదొడ్డి, బావి, మోకు, టెంకాయ చిప్ప, విరుగుతున్న గట్టు. అంతా రాసి పైన డేట్‌లైన్ దగ్గర చెయ్యి ఆపాను. తుమ్మదొడ్డి అని వేద్దామనిపించింది. వేస్తే ఆ ఊరు వార్త నెత్తి మీదే కూర్చునేది, ఎవరూ తీయలేకపోయేవారు. కానీ నేను ఆ ఊరు పోలేదు కదా. పెద్దాయన గొంతు చెవిలో గింగురుమంది. ఉరవకొండ అని వేశాను. వేసి, ఒట్టు నిలబెట్టుకున్నానని లోపల మురిసిపోయాను కూడా. ఒట్టు తప్పకుండా ఆ పేరు వేయడానికి ఇంకో దారి ఉంది, సైకిలెక్కి పోవడం. అది తోచలేదని అనను. తోచింది. ఎండ చూసి ఊరుకున్నాను.

డెస్కులో వార్తను కింది నుంచి కోస్తారు. చోటు చాలకపోతే మొదట పోయేది చివరి పేరానే. అందుకే అసలు సంగతి పైన రాసి చావండిరా అని మీటింగు మీటింగుకూ చెప్పేవాళ్ళు. ఇది నాకు తెలియంది కాదు. అయినా బావిని కిందనే పెట్టాను, చదివేవాళ్ళకు చివర్లో గుండె కలుక్కుమనాలని. కవి హృదయం! మూడో రోజు పేపర్లో "ఉరవకొండలో నీటి ఎద్దడి" అని హెడ్డింగు, దాని కింద రెండు పేరాలు. మూడోది లేదు. అది ఉండాల్సిన చోట ఏదో విత్తనాల ప్రకటన ఉంది.

అవ్వ ఆ రోజు వచ్చి, "పడిందా అప్పా?" అంది.

"పడింది."

"మా ఊరి పేరు?"

"నీళ్ళ సంగతి పడిందిలే అవ్వా. ట్యాంకరొస్తాది చూడు" అన్నాను. పడలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె ఆ రోజు నాకు ఒకటికి రెండు పుల్లలిచ్చింది.

నాలుగు రోజులకు ట్యాంకరు నిజంగానే వచ్చింది. మా బస్టాండుకొచ్చింది. మాకు అప్పుడు కుళాయి రోజు మార్చి రోజు వచ్చేది. కష్టమే, కానీ ఎవరూ మోకు కట్టుకుని దిగాల్సిన కష్టం కాదు. క్షణంలో వీధి వీధంతా బిందెలతో పరిగెత్తుకొచ్చింది. తోపులాట, తిట్లు, నవ్వులు. పైపు నుంచి కారిన నీళ్ళు మోరీలోకి పోతున్నాయి. మా ఇంటావిడ కూడా రెండు బిందెలు నింపుకుని, "చూస్తిరా, మా ఆయన రాస్తే నీళ్ళొచ్చినాయి!" అని అందరూ వినేలా అంది. జీవితంలో ఒకే ఒక్కసారి నన్ను నలుగురిలో పొగిడింది. అది కూడా ఆ రోజే కావాలి.

నేను డ్రైవరు దగ్గరికి పోయాను. "ఏమప్పా, ఇది తుమ్మదొడ్డికి పోవాల్సిన ట్యాంకరు. ఈడ నిలిపినావేమి?"

అతను జేబులోంచి ఆర్డరు కాగితం తీశాడు. దానికి నా వార్త ముక్క కత్తిరించి గుండుసూదితో గుచ్చి ఉంది. ట్యాంకర్లు పంపే పై ఆఫీసులో ఎవరో డేట్‌లైన్ కింద ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టారు. ఉరవకొండ.

"ఈడ ఉరవకొండ అని ఉండాది. తుమ్మదొడ్డి యాడుండాది? చూపించన్నా, ఇప్పుడే పోతా."

చూపించడానికి లేదు. ఆ గీత కొట్టినవాళ్ళను కూడా ఏమని తిట్టను? ఊరి పేరు పైనుంటే ఆ ఊళ్ళోనే కరువని లోకమంతా అనుకుంటుంది. అది జరిగిన చోటు కాదు, రాసేవాడు నిలబడిన చోటు అనే మాట మాకు తప్ప ఎవరికి తెలుసు? నేను నిలబడిన చోటుకీ ఆ పిల్ల దిగే బావికీ మధ్య పన్నెండు మైళ్ళు.

"నేను చెబుతాండా కదప్పా, ఆ వార్త రాసిందే నేను" అన్నాను.

"నువ్వు చెబితే డీజిలు ఎవరు పోస్తారన్నా? కాగితం తే."

వెనక్కి తిరిగితే మెట్ల మీద అవ్వ నిలబడి ఉంది. మోరీలోకి పోతున్న నీళ్ళనే చూస్తోంది.

"ఇది మా ఊరికి పోతాదా అప్పా?"

"ఇది కాదవ్వా. మీకు ఇంకోటొస్తాది. రేపో ఎల్లుండో."

ఆమె సద్ది తెచ్చుకున్న సత్తు చెంబు కడిగి, ట్యాంకరు దగ్గర నిండా పట్టుకుని, మోదుగాకు మూత పెట్టి గుడ్డ పేలికతో కట్టింది. "మా కోడలికి" అంది. బస్సు దిగి నాలుగు మైళ్ళు, తొణక్కుండా ఎట్లా మోసుకుపోయిందో ఆమెకే తెలియాలి.

ఆ రోజు ఆ బస్సులోనే నేనూ ఎక్కి ఉండాల్సింది. ఎక్కలేదు. తుమ్మదొడ్డికి ట్యాంకరు పంపమని పై ఆఫీసుకు చీటీ రాసి కండక్టరు చేతికిచ్చాను. పరీక్షలు శనివారంతో అయిపోతాయి, ఆదివారం తెల్లారగట్ల సైకిల్లో పోదాం, ఈసారి తుమ్మదొడ్డి అనే డేట్‌లైన్ వేసి దులిపేద్దాం అనుకున్నాను. ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి.

శనివారం మధ్యాహ్నం, ఆఖరి బ్యాచ్ పిల్లలు మిషన్లు దడదడలాడిస్తుండగా ఆ వైపు నుంచి వచ్చిన బస్సు కండక్టరు మెట్లెక్కి వచ్చాడు. "అన్నా, తుమ్మదొడ్డిలో బాయి కూలిందంట. ఆడమనిషి ఒకామె లోపలే ఉండిపాయనంట."

ఎవరని అడగలేదు. మిషన్లు, పిల్లలు, పరీక్ష అన్నీ అక్కడే వదిలేసి సైకిలెక్కాను. ఎండ ఆ రోజు కూడా అంతే ఉంది. అడ్డం రాలేదు.

నేను పోయేసరికి తీసి పడుకోబెట్టారు. గోడ నీడ ఉన్నంత మేర జనం. అవ్వ ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, జుట్టులో ఇరుక్కున్న మట్టి బెడ్డలు ఒక్కొక్కటీ వేళ్ళతో తీస్తోంది. ఏడవడం లేదు. పేలు చూసినంత నిదానంగా తీస్తోంది. ఎవరో "పేపరాయన వచ్చినాడు" అన్నారు. ఒక ముసలాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "ఇప్పుడా వచ్చేది?" అన్నాడు. అవ్వ తలెత్తలేదు. నేను నిలబడే ఉన్నాను. బావి గట్టున ఆ ఎర్రమట్టి నా చెప్పులకంటుకుంది. ఇప్పుడు డేట్‌లైన్ వేసుకోవడానికి నాకు అన్ని అర్హతలూ వచ్చాయి.

వేశాను. తుమ్మదొడ్డి, తేదీ, రెండు చుక్కలు. మొదటి పేజీలో గీతల చట్రం కట్టి వేశారు, ఒక్క ముక్క కోయలేదు. రెండో రోజుకల్లా రెండు ట్యాంకర్లు పోయాయి, అడిగి దారి కనుక్కుని మరీ పోయాయి. పెద్దాయన ట్రంకాల్ చేశాడు. "ఉరవకొండా, బాగ రాసినావప్పా. ఆడ నిలబడి రాసినావని చదువుతాంటేనే తెలుస్తాండాది" అన్నాడు. ఫోను పెట్టేసి ఇన్‌స్టిట్యూట్ వెనక్కి పోయి ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలింది నా చేతులు కూడా కాదు.

అవ్వ మళ్ళీ బస్టాండుకు రాలేదు. మెట్లు ఖాళీగా ఉండేవి. పెద్ద దినం కర్మ అయిపోయాక రెండు వార్త ముక్కలూ జేబులో పెట్టుకుని నేనే పోయాను. ఎందుకు పోయానంటే, నిజం చెప్పకపోతే నాకు అన్నం దిగడం లేదు. అంతే, ఇందులో నా మంచితనమేమీ లేదు.

ప్రతి ఇంటి ముందూ నీళ్ళ డ్రమ్ములున్నాయి, నిండుగా. అవ్వ గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. కొడుకు వచ్చి పోయినాడని తనే చెప్పింది. నేను రెండు ముక్కలూ తీసి చూపించాను.

"ఇది ఆ పొద్దు రాసింది అవ్వా. ఇందులో మీ ఊరు ల్యాదు. పడిందని నీతో అబద్ధం చెప్పినా. కిందెక్కడో రాసినా, కోసేసినారు. ఇది మొన్న రాసింది. ఇందులో మీ ఊరి పేరు మొదలే ఉండాది."

ఆమెకు చదువు రాదు. రెండింటినీ పక్కపక్కన ఒళ్ళో పెట్టుకుని, మొన్నటి ముక్క మీద నేను చూపించిన చోట వేలు పెట్టింది.

"ఇదేనా మా ఊరి పేరు?"

"అదే."

"ఆ పొద్దు ఏమిటికి మొదలు రాయల్యా?"

"నేను మీ ఊరికి రాల్యా అవ్వా. వచ్చి చూసిన ఊరి పేరే ఆడ రాయాల."

కాసేపు ఆ అక్షరాల మీద వేలు అటూ ఇటూ జరిపింది.

"నేను పిలిచిన పొద్దు నువ్వు వచ్చింటే, ఇట్లనే పైన రాసిండేవాడివా?"

"రాసిండేవాణ్ణి."

"ట్యాంకరు ఈడికే వచ్చిండేదా?"

కాదు అనొచ్చు. తెలియదు అనొచ్చు. దేవుడి రాత అని కూడా అనొచ్చు, మా వైపు అందరూ అనేది అదే. నోటిదాకా వచ్చింది.

"వచ్చిండేది అవ్వా" అన్నాను.

ఆమె ముక్కలు రెండూ మడిచి నా చేతికిచ్చింది. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, డ్రమ్ము మూత తీసి, ఆ సత్తు చెంబు ముంచుకుని వచ్చింది.

"ఎండన పడొచ్చినావు. తాగు" అంది.

రెండు చేతులా పట్టుకుని, ఆమె చూస్తుండగా, మొత్తం తాగాను.